గింజను పగలగొట్టకుండా చదవడం
నూనెగింజల పోషక నాణ్యత, అణు వర్ణపట శాస్త్రం: ధర్మనిధి స్మారకోపన్యాసం



ఎవరి స్మృత్యర్థం ఈ ధర్మనిధి ఏర్పడిందో ఆ మాస్టారు జీవితమంతా విశ్లేషణ రసాయన శాస్త్రం చెప్పారు. ఒకే నమూనాను రెండుసార్లు చేసి, రెండు ఫలితాలూ పక్కపక్కన రాస్తే తప్ప రికార్డు మీద సంతకం పెట్టేవారు కాదు. ఆయన శిష్యులు ఈ సభలో చాలామంది ఉన్నారు కాబట్టి ఈ సంగతి నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయన పేరిట మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు నూనెగింజల్ని కాంతితో పరీక్షించే పద్ధతి గురించి చెప్పాలనిపించింది. నిమిషంలో ఫలితం చెప్పే ఈ పద్ధతికి మాస్టారు నేర్పిన నెమ్మది పనే పునాది. ఆ పునాదిని మన గింజలతో, మన ప్రయోగశాలల్లో, ప్రజల ఆస్తిగా కట్టుకోవాలి. ఈ గంటలో నేను చెప్పబోయేదంతా ఈ రెండు మాటల చుట్టూ తిరుగుతుంది.

వనపర్తి, గద్వాల, ఆదోని లాంటి చోట్ల వేరుశనగ సీజన్‌లో మార్కెట్ యార్డుకు వెళ్లి ఒక పూట నిలబడండి. కొనుగోలుదారు కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు కాయలు తీస్తాడు. నాలుగైదు చిట్లగొట్టి పప్పును అరచేతిలో వేసుకుని, బొటనవేలితో పొట్టు నలిపి చూస్తాడు. ఒక పప్పు కొరుకుతాడు. టక్కున విరిగితే ఎండింది, సాగితే పచ్చి ఉంది. ముడుచుకున్నవి, నల్లబడ్డవి పక్కకు ఏరుతాడు. వంద గ్రాముల కాయకు ఎన్ని గ్రాముల పప్పు దిగుతుందో తూచి, ధర పలుకుతాడు. ఆ చేతికి ఎంతో అనుభవం ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ పప్పులో నూనె 46 శాతమా, 50 శాతమా అన్నది కొరికితే తెలియదు. ఆ నూనెలో ఒలియిక్ ఆమ్లం 45 శాతమా, 80 శాతమా అన్నది కంటికీ తెలియదు, నాలుకకూ తెలియదు. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ ధరకు కొనేటప్పుడు తేమ చూస్తారు, మట్టి బెడ్డలు చూస్తారు, ముడుచుకున్న గింజలు చూస్తారు. మనం ఏ నూనె కోసం, ఏ మాంసకృత్తుల కోసం ఈ పంట వేస్తున్నామో వాటి ఊసే ఆ లెక్కలో ఉండదు.

ఆ ఊసు తెలుసుకునే పాత పద్ధతులు మీ అందరికీ తెలిసినవే. నూనెకు ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ 1879లో రూపొందించిన గాజు పరికరం. పప్పును పొడి చేసి, ద్రావణిలో గంటల తరబడి కడిగి, ద్రావణిని ఎగరగొట్టి మిగిలిన నూనెను తూచాలి. మాంసకృత్తులకు యోహాన్ కెల్డాల్ 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో కనిపెట్టిన పద్ధతి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి నత్రజనిని అమ్మోనియాగా మార్చి కొలవాలి. కొవ్వు ఆమ్లాలకు గ్యాస్ క్రొమటోగ్రఫీ. ఇవన్నీ నమ్మకమైనవి. అయితే మూడింటిలోనూ గింజ మిగలదు.

వంగడాలు తయారుచేసే శాస్త్రజ్ఞుడికి ఇది చిన్న ఇబ్బంది కాదు. సంకరం చేసిన మొక్క నుంచి వచ్చే ప్రతి గింజా దేనికదే వేరు. మంచి గింజ ఏదో తెలుసుకోవాలంటే దాన్ని పొడి చేయాలి. పొడి చేస్తే విత్తడానికి ఏమీ మిగలదు. కెనడాలో కీత్ డౌనీ ఈ చిక్కు నుంచి ఎలా బయటపడ్డారో చూడండి. ఆవ జాతి గింజ రేణువంత ఉంటుంది. దాన్ని రెండుగా విడదీసి ఒక బద్దను క్రొమటోగ్రఫీకి పంపి, మొలక ఉన్న భాగాన్ని నాటారు. ఎరూసిక్ ఆమ్లం తక్కువున్న గింజల్ని అలా ఏరుకుంటూ వెళ్లిన దారిలోనే, ఆయనా బాల్డర్ స్టెఫాన్సన్ కలిసి ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న కనోలాకు రూపమిచ్చారు. ఎంత ఓపిక ఉండాలో ఊహించండి. గింజను కోయకుండానే లోపలిది చెప్పగలిగే సాధనం కోసం ఆ రంగంలోని వాళ్లంతా ఎదురుచూశారంటే ఆశ్చర్యం లేదు.

ఆ సాధనం మూలం 1800 సంవత్సరంలో ఉంది. విలియం హెర్షెల్ పట్టకం గుండా వచ్చిన రంగుల్లో ఉష్ణమాపకాలు పెట్టి చూస్తూ, ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనిపించని చోట పాదరసం ఇంకా ఎక్కువ ఎగబాకడం గమనించారు. అదే పరారుణ కాంతి. అణువులోని బంధాలు ఊరకే ఉండవు, ఎప్పుడూ కంపిస్తూనే ఉంటాయి. కార్బన్-హైడ్రోజన్ బంధానికి ఒక పౌనఃపున్యం, ఆక్సిజన్-హైడ్రోజన్‌కు ఒకటి, నైట్రోజన్-హైడ్రోజన్‌కు ఇంకొకటి. తన పౌనఃపున్యానికి సరిపోయే కాంతి తగిలితే బంధం దాన్ని పీల్చుకుంటుంది. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి తగ్గిందో గీస్తే అదే వర్ణపటం. నూనెలో కార్బన్-హైడ్రోజన్ బంధాలు బారులు తీరి ఉంటాయి, మాంసకృత్తుల్లో నైట్రోజన్-హైడ్రోజన్ బంధాలు ఉంటాయి, నీటి సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే గింజ తన కూర్పును తానే కాంతి మీద రాసి పంపుతోందన్నమాట.

మరి ఇంత తేలికైనదైతే హెర్షెల్ తర్వాత 150 ఏళ్లకు పైగా ఎందుకు పట్టింది? మధ్య పరారుణ ప్రాంతంలో బంధాలు కాంతిని ఎంత బలంగా పీల్చుకుంటాయంటే, ఆ కాంతి గింజ పైపొరలోనే ఆగిపోతుంది. గింజ లోతుల కబురు తేవాలంటే బలహీనంగా పీల్చుకునే ప్రాంతానికి వెళ్లాలి. వీణ తీగను మీటితే అసలు స్వరంతో పాటు దాని పైస్థాయి స్వరాలు కూడా సన్నగా పలుకుతాయి కదా, బంధాలకూ అలాంటి అతిస్వరాలున్నాయి. కార్బన్-హైడ్రోజన్ అసలు కంపనం 3,400 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటే, దాని మొదటి అతిస్వరం 1,700 దాటాక వినిపిస్తుంది. అది పదుల రెట్లు బలహీనం. ఆ బలహీనత వల్లే కాంతి గింజలోకి కొన్ని మిల్లీమీటర్లు దిగి, లోపల అటూ ఇటూ చెదిరి, కబురుతో బయటికొస్తుంది. 780 నుంచి 2,500 నానోమీటర్ల దాకా ఉన్న ఈ సమీప పరారుణ ప్రాంతాన్ని శాస్త్రజ్ఞులు చాలాకాలం పనికిరానిదని వదిలేశారు. అక్కడి శిఖరాలు వెడల్పుగా, ఒకదాని మీద ఒకటి పడి గజిబిజిగా ఉంటాయి.

ఆ గజిబిజిలోకి ధైర్యంగా దిగినవాడు కార్ల్ నోరిస్. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన బెల్ట్స్‌విల్ కేంద్రంలో ఇంజినీరు. 1960లలో ధాన్యంలో, సోయాచిక్కుడులో తేమను కాంతితో కొలవబోతే నూనె, మాంసకృత్తులు అడ్డొచ్చాయి. ఆ అడ్డును తీసేయాలంటే ముందు దాన్ని కొలవాలి. కొలవగలిగితే అది అడ్డెందుకవుతుంది, అదే మనకు కావాల్సిన సమాచారం కదా! ఒకటికి రెండు తరంగదైర్ఘ్యాలు చూసి, గణితంతో వేరుచేస్తే తేమ, నూనె, మాంసకృత్తులు మూడూ ఒకే చూపులో తెలుస్తాయని ఆయన చూపించారు. 1975 నాటికి కెనడా ధాన్య కమిషన్ గోధుమలో మాంసకృత్తులు కొలవడానికి ఈ పద్ధతిని అధికారికంగా చేపట్టింది.

మన వైపు చరిత్ర గురించి కూడా ఒక్క మాట. కాంతి చెదిరినప్పుడు అణువు దాని రంగు మారుస్తుందని 1928 ఫిబ్రవరి 28న కనుగొన్న సి.వి.రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. ఆయన శిష్యుడు సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రామన్ ఫలితం మీద పరిశోధన సాగించారు. అక్కడే కె.రంగధామరావు వర్ణపట శాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పి తరాల విద్యార్థుల్ని తయారుచేశారు. కాబట్టి ఈ శాస్త్రం మనకు ఎక్కడి నుంచో దిగుమతి అయిన సరుకు కాదు. రామన్ వర్ణపటంలో 1,655, 1,440 తరంగసంఖ్యల (సెంటీమీటరులో ఇమిడే తరంగాల లెక్క) దగ్గరి గీతల నిష్పత్తి చూసి నూనె ఎంత అసంతృప్తమో చెప్పే పని ఇవాళ మామూలైపోయింది.

ఇప్పుడు ఒక్క వేరుశనగ వర్ణపటాన్ని దగ్గరగా చూద్దాం. గిన్నెలో పప్పు పోసి, హాలోజెన్ దీపపు కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి పంపామనుకోండి. 1,200 నానోమీటర్ల దగ్గర ఒక చిన్న గుట్ట, కార్బన్-హైడ్రోజన్ రెండో అతిస్వరం. 1,450 దగ్గర నీరు. ఆ తర్వాత 1,725, 1,760 దగ్గర జంట శిఖరాలు. అవి నూనె సంతకం. వరి గింజలో ఈ జంట దాదాపు కనిపించదు, వేరుశనగలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1,940 దగ్గర మళ్లీ నీరు. 2,050 నుంచి 2,180 మధ్య మాంసకృత్తులు. చివర 2,310, 2,348 దగ్గర మరో జంట, అదీ నూనెదే. ఇప్పుడు 1,725 శిఖరం దగ్గర ఆగండి. నూనెలో ద్విబంధాలు ఎక్కువైతే ఆ శిఖరం కాస్త తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. కంటికి ఆనని ఆ కొద్ది కదలికలోనే ఒలియిక్, లినోలియిక్ ఆమ్లాల తేడా ఉంది.

ఆ తేడా ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మామూలు వేరుశనగ నూనెలో ఒలియిక్ ఆమ్లం 40-50 శాతం, లినోలియిక్ 30-40 శాతం ఉంటాయి. లినోలియిక్‌లో రెండు ద్విబంధాలు. గాలిలోని ఆక్సిజన్‌తో అది ఒలియిక్ కన్నా దాదాపు పది రెట్లు వేగంగా కలుస్తుంది. పల్లీపట్టీకి, వేయించిన పప్పుకు కొన్నాళ్లకే నిల్వ వాసన రావడానికి కారణం ఇదే. 1987లో ఫ్లోరిడా శాస్త్రజ్ఞులు ఒలియిక్ 80 శాతం, లినోలియిక్ 2 శాతం ఉన్న వేరుశనగను ప్రపంచానికి చెప్పారు. ఒలియిక్‌ను లినోలియిక్‌గా మార్చే ఎంజైము జన్యువులు, ఎఫ్ఏడీ2 పేరువి, రెండు జతలూ దెబ్బతినడమే ఆ గుణానికి మూలం. దాని వారసుడైన సన్ఒలియిక్ 95ఆర్‌ను తెచ్చి పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన కేంద్రం కలిసి మన నేలకు సరిపోయే గిర్నార్ 4, గిర్నార్ 5 రకాల్ని తీసుకొచ్చాయి. 2020లో అవి రైతులకు విడుదలయ్యాయి. ఆ పనిలో జన్యు గుర్తులతో పాటు సమీప పరారుణ యంత్రం కూడా భుజం కలిపింది. పప్పు చెడకుండానే నూనె, మాంసకృత్తులు, ఒలియిక్, లినోలియిక్ శాతాలు తెలిశాయి. చూసిన పప్పునే మళ్లీ విత్తగలిగారు.

చిక్కల్లా ఇక్కడే ఉంది. గిర్నార్ 4 పప్పు, మామూలు పప్పు పక్కపక్కన పెడితే ఎవరూ తేడా పట్టలేరు. యార్డులో రెండూ ఒకే కుప్పలో పడ్డాయంటే ఆ రైతు కష్టం, ఆ శాస్త్రజ్ఞుల శ్రమ మట్టిలో కలిసినట్టే. కాంతి యంత్రం ఒకటి అక్కడ ఉంటే కలవవు.

అయితే యంత్రానికి తనంతట తనకు ఏమీ తెలియదు. దానికి తెలిసింది వంకర గీత ఒక్కటే. ఆ గీతకు 48 శాతం నూనె అని పేరు పెట్టింది ఎవరు? సాక్స్‌లెట్ గొట్టం పక్కన కూర్చున్న మనిషి. వందల నమూనాల్ని యంత్రంలో చూసి, వాటినే రసాయన పద్ధతిలో కొలిచి, రెండింటినీ గణితంతో జతచేస్తే కాలిబ్రేషన్ అవుతుంది. రసాయన పరీక్షలో దోషముంటే యంత్రం ఆ దోషాన్నే శ్రద్ధగా నేర్చుకుని, వేగంగా, వేలసార్లు అప్పజెబుతుంది. ఒక ఉదాహరణ చెబుతాను. కెల్డాల్ పద్ధతి నత్రజనిని కొలుస్తుంది. దాన్ని 6.25తో గుణించి మాంసకృత్తులు అనడం అలవాటు. వేరుశనగ మాంసకృత్తుల్లో నత్రజని వాటా ఎక్కువ కాబట్టి దానికి సరైన గుణకం 5.46. పప్పులో నత్రజని 4.6 శాతం ఉంటే మొదటి లెక్కన మాంసకృత్తులు 28.75 శాతం, రెండో లెక్కన 25.1 శాతం. గింజ అదే, నత్రజని అదే, తేడా మూడున్నర శాతానికి పైమాట. ఏ గుణకంతో నేర్పారో చెప్పకుండా ఒక యంత్రం మాంసకృత్తుల శాతం చూపిస్తే, ఆ అంకెకు విలువ లేదు.

ఇంకో సంగతి. కెనడా కనోలా మీద నేర్చుకున్న యంత్రానికి కదిరి వేరుశనగ చూపిస్తే అది కూడా ఏదో ఒక అంకె చెబుతుంది. యంత్రాలకు మొహమాటం ఉండదు, తెలియదని వాటంతట అవి అనవు. పొట్టు రంగు మారినా, గింజ సైజు మారినా, గది వేడి మారినా వర్ణపటం మారుతుంది. అనంతపురం వానాధార పంటలో వర్షం లేక సగమే ఊరిన పప్పు, కాలువ కింద నిండుగా ఊరిన పప్పు ఒకేలా కనిపించవు. అందుకే మంచి కాలిబ్రేషన్‌లో ఒక కాపలా పెడతారు: ఈ గింజ నేను ఎరిగిన గింజల గుంపుకు ఎంత దూరంలో ఉంది? దూరం మితిమీరితే ఫలితం నమ్మొద్దని యంత్రమే హెచ్చరించాలి. ఆ దూరాన్ని కొలిచే సూత్రం ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1936లో ఇచ్చినది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్.రావు కేంబ్రిడ్జిలో సూడాన్ నుంచి తెచ్చిన ప్రాచీన అస్థిపంజరాలను ఇదే సూత్రంతో పోల్చి చూశారు. ఎముకల గుంపుల్ని వేరుచేసిన గణితం ఇవాళ పప్పుల గుంపుల్ని వేరుచేస్తోంది. ఆ కాపలా లేని పరికరాన్ని కొనొద్దని నేను కచ్చితంగా చెబుతాను. చేతిలో ఇమిడే చవక పరికరాలు చాలావాటిలో సిలికాన్ గ్రాహకం ఉంటుంది. అది 1,100 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. నూనె సంతకం ఉన్న 1,725 దాకా దానికి చూపే ఆనదు. కొనేముందు ఎంత దూరం చూడగలదని అడగండి.

శాతాల గురించి ఇంత చెప్పాను గానీ పోషక విలువ శాతంతో తేలేది కాదు. ఎంత మాంసకృత్తు ఉందన్నది ఒక ప్రశ్న, అందులో ఎంత అరుగుతుందన్నది ఇంకో ప్రశ్న. రెండో దానికి మధ్య పరారుణమే బాగా జవాబు చెబుతుంది. 1,650 తరంగసంఖ్య దగ్గర అమైడ్ 1, 1,550 దగ్గర అమైడ్ 2 అనే రెండు పట్టీలు మాంసకృత్తులవి. మొదటి పట్టీని విప్పి చూస్తే మాంసకృత్తు గొలుసు ఎలా మడతపడిందో తెలుస్తుంది. మరమేకులా చుట్టుకున్న ఆల్ఫా హెలిక్స్ 1,655 వైపు, పరచుకున్న బీటా షీట్ 1,630 వైపు ఉంటాయి. కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పెయ్‌చియాంగ్ యు బృందం సింక్రొట్రాన్ నుంచి వచ్చే తీక్షణమైన పరారుణ కాంతితో, మిల్లీమీటరులో వందో వంతు చోటును విడిగా చూస్తూ, అవిసె, కనోలా లాంటి గింజల్ని పరిశీలించింది. వేడి చేసినప్పుడు ఈ రెండు మడతల నిష్పత్తి మారుతుందని, అది మారితే పశువు కడుపులో ఆ మాంసకృత్తు అరిగే తీరూ మారుతుందని చూపించింది.

ఇది మన నూనె మిల్లులకు నేరుగా సంబంధించిన విషయం. ఎక్స్‌పెల్లర్‌లో చెక్క ఎంత కాగిందో సంచి మీద రాసి ఉండదు. ఎక్కువ కాగితే లైసిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో అంటుకుపోతుంది. కెల్డాల్ పరీక్ష ఆ నత్రజనిని కూడా లెక్కలో కలిపేసుకుని మాంసకృత్తులు భేషుగ్గా ఉన్నాయంటుంది. గేదె మాత్రం అలా అనదు. పాడి రైతు డబ్బు పోసి కొనే చెక్కలో అరిగే భాగం ఎంతో చెప్పే పరీక్ష రావాలి. దానికి పరారుణ వర్ణపటమే దారి అని నా నమ్మకం.

కాంతి చెప్పలేనిదీ ఉంది. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చనిపోయాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ బూజు వదిలిన అఫ్లటాక్సిన్ అందుకు కారణమని తేలింది. యూరప్ దేశాలు నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదంటాయి. సమీప పరారుణ పద్ధతి నమ్మకంగా చూడగలిగేది కిలోకు సుమారు ఒక గ్రాము నుంచి. రెండింటి మధ్య తేడా లక్షల రెట్లు. బూజు పట్టి రంగు, కూర్పు మారిన పప్పును కాంతితో ఏరిపారేయవచ్చు, అది మంచి పనే. అఫ్లటాక్సిన్‌ను ఇదే యంత్రంతో నేరుగా కొలుస్తామని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. ఆ పరీక్షకు వేరే దారులున్నాయి, వాటినే వాడాలి.

ధర సంగతికి వస్తాను. నాణ్యతను కొలిచి డబ్బు చెల్లించడం మనకు కొత్త కాదు. పల్లెల్లో పాలకేంద్రం వెన్న శాతం చూడకుండా పాలు పోయించుకోదు. పామాయిల్ రైతులనైతే అడగనే అక్కర్లేదు. గెలల నుంచి దిగే నూనె శాతం, వాళ్ల నోట ఓఈఆర్, దాన్ని బట్టే టన్ను ధర తేలుతుంది. రాష్ట్రం విడిపోయాక అశ్వారావుపేట మిల్లు శాతం ఒకటి, పెదవేగి మిల్లు శాతం ఇంకొకటి అయినప్పుడు గోదావరి జిల్లాల రైతులు తెలంగాణ శాతమే మాకూ ఇవ్వాలని పోరాడారు. నూనె శాతం అంటే ఏమిటో, దాని విలువెంతో మన రైతుకు తెలుసు. తెలియనిదల్లా తన కుప్పలోని శాతం. అది చెప్పే యంత్రం అతని కళ్లెదుట, యార్డు కాటా పక్కనే ఉండాలి. కొనేవాడి గదిలో మాత్రమే ఉంటే మంచి గింజకు అదనంగా ఇవ్వడానికి కాక, మామూలు గింజకు కోత పెట్టడానికే పనికొస్తుంది.

విద్యార్థులకూ, అధ్యాపకులకూ, వ్యవసాయ శాఖ పెద్దలకూ నా విన్నపం ఇదే. కళాశాలల్లో సాక్స్‌లెట్, కెల్డాల్ బల్లల్ని తీసేయకండి. వాటి దగ్గర కూర్చుని ఒకే నమూనాను రెండుసార్లు చేసే పిల్లలు లేకపోతే ఏ యంత్రానికీ గురువు లేడు. కదిరి నుంచి పాలెం దాకా, వానాధారం నుంచి బోరు కింది పంట దాకా, అన్ని సీజన్ల, అన్ని రకాల వేరుశనగ నమూనాలు సేకరించి, రాజేంద్రనగర్ నూనెగింజల పరిశోధన సంస్థ, రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, ఇక్రిశాట్ కలిసి ఒక ఉమ్మడి కాలిబ్రేషన్ తయారుచేయాలి. ఏ గుణకం వాడారో, ఎంత పొరపాటు వస్తుందో అందులో బాహాటంగా రాయాలి. ప్రజల సొమ్ముతో తయారైన ఆ కాలిబ్రేషన్‌ను ఏ కంపెనీ యంత్రానికీ తాళం వేసి ఇవ్వకండి. అడిగిన ప్రతి యార్డుకూ, ప్రతి రైతు సంఘానికీ ఉచితంగా ఇవ్వండి.